రెండో తొట్టి

పోయిన వారం టైలరక్కను చర్చి గేటు ముందు, నెత్తిమీద తెల్ల అంగీల మూటతో నిలబెట్టి మన దారిన మనం పోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి పంపేముందు నాలుగు సంగతులు గుర్తు చేసుకుంటే చాలు.

కాలవ అవతలి రేకుల షెడ్లలో రంగుల కార్ఖానా జనం ఉంటారు. ఎక్కడినుంచో పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. వాళ్ళ మాట వేరు, వాళ్ళ మొక్కులు వేరు. వాళ్ళలో ఒకామెకు నీలం గాబుల్లో నూలు ముంచీ ముంచీ మోచేతుల దాకా రంగు పట్టిపోయింది. అందుకే ఊరంతా ఆమెను నీలిచేతులు అంటుంది. టైలరక్కకు నూలు ఉండలు తెచ్చిచ్చే ఈ నీలిచేతులు, ఒకరోజు గుమ్మంలో కూర్చుని, ఆవిడ నోట రక్షణ అందరికీ అన్న మాట విన్నది. "అందరికీ అంటే నాక్కూడానా?" అని అడిగింది. "నీకే ముందు" అంది టైలరక్క. ఆ మాట పట్టుకుని ఆమె తోడబుట్టిన అన్నతో గొడవపడి, ఉన్న ఇల్లు వదులుకుని, ట్రంకుపెట్టెతో టైలరక్క వెనకగదిలోకి వచ్చేసింది. రేపు ఆదివారం బాప్తిస్మాలు. సంఘంలోని పిల్లలతోపాటు ఆమె కూడా ఈ తెల్ల అంగీ వేసుకుని నీళ్ళలో దిగాలి. ఇక గేటు తీద్దాం.

టైలరక్క హాల్లోకి అడుగుపెట్టేసరికి నీళ్ళ చప్పుడు వినిపించింది. వేదిక మీది చెక్క పలకలు ఊడదీసి గోడకు పేర్చారు. వాటి కింద సిమెంటు తొట్టి, మనిషి రొమ్ముల దాకా వచ్చే లోతు, దిగడానికి ఒకవైపు మెట్లు, ఎక్కడానికి ఇంకోవైపు మెట్లు. ఏడాదికి రెండుసార్లు తప్ప ఎవరూ దాన్ని తెరవరు. లావుపాటి గొట్టంలోంచి నీళ్ళు పడుతుంటే ఖాళీ హాలంతా గలగలమంటోంది. ఆ చప్పుడంటే ఆవిడకు చిన్నప్పటినుంచీ ఇష్టం. తను దిగింది ఆ మెట్లే. తల్లి పోయాక తానే పెంచిన తమ్ముడు, ఇప్పుడీ చర్చికి పాస్టరైనవాడు, దిగిందీ ఆ మెట్లే. ఆరోజు వాడు భయంతో గుక్కపెట్టి ఏడుస్తుంటే అంగీ గుండీలు పెట్టి, ముక్కు తుడిచి, వెనకనుంచి చిన్నగా తోసింది ఈవిడే.

కొత్తగుడ్డ వాసన పోవాలంటే అంగీలకు కాసేపు గాలి తగలాలి. పెరట్లో బట్టలారేసే తీగ ఉంది. మూట నెత్తిమీంచి చంకలోకి మార్చుకుని పక్కతలుపులోంచి పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో గిన్నెలు కడిగే పంపు పక్కన, పాస్టరుగారు మోకాళ్ళ మీద ఉన్నారు. ప్రార్థన అనుకునేరు. ప్యాంటు మడిచి, చొక్కా చేతులు పైకి తోసి, ఒక ప్లాస్టిక్ పీపా కింద ఇటుకముక్క దూరుస్తున్నాడు. కార్ఖానాలకు రసాయనాలొచ్చే పెద్ద పీపాని నిలువుగా రెండుగా కోస్తే వచ్చే సగం అది. జనం అందులో పశువులకు నీళ్ళు పెడతారు. అడుగు గుండ్రం కాబట్టి అటూ ఇటూ దొర్లుతోంది. అది దొర్లకుండా చెయ్యడానికి పాస్టరుగారు నానా తంటాలూ పడుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

తమ్ముడు తల ఎత్తలేదు. "తొట్టి."

"కనబడుతూనే ఉంది. ఎందుకని అడుగుతున్నా."

"రేపటికి."

"రేపటికి లోపల ఒకటి నిండుతోందిగా. నా చెవులు బాగానే ఉన్నాయి."

తమ్ముడు ఇటుకను ఇంకో రెండు దెబ్బలు కొట్టాడు. తర్వాత, ఇటుకతోనే మాట్లాడుతున్నట్టు, "అది మనవాళ్ళకి అక్కా," అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడో చూడండి. మనవాళ్ళకి! కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. టైలరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన ఆదివారం ఇదే మనిషి, ఇవే చేతులు రెండువైపులా చాచి, "ఏ జాతివాళ్ళయినా, ఏ భాషవాళ్ళయినా, ఎవరూ గడప తొక్కనివ్వని వాళ్ళయినా రండి, ఆ తలుపుకు గొళ్ళెం లేదు" అని గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. బెంచీల్లో జనం కళ్ళు తుడుచుకున్నారు. ఈవిడ కూడా తుడుచుకుంది. తన చేతుల్లో పెరిగిన పిల్లాడు ఇంత మాట చెప్పగలిగాడే అని పొంగిపోయి, ఇంటికెళ్ళాక ఒక్కతీ కూర్చుని మళ్ళీ ఏడ్చింది. ఇప్పుడా కన్నీళ్ళు వెనక్కి తీసుకునే వీలుంటే తీసేసుకునేదే.

"అంటే ఇది నీలిచేతులకా?"

"సంఘ పెద్దలు బుధవారం కూర్చున్నారు."

"నువ్వు లేవా అక్కడ?"

"ఉన్నాను."

"ఉండి?"

"ఉండి ఏం చెయ్యమంటావు అక్కా? అసలొద్దు అన్నారు. ఆ మనిషికి బాప్తిస్మమే వద్దన్నారు. నేనే బతిమాలి, కాళ్ళావేళ్ళా పడి దీనికి ఒప్పించాను. ఈ ఏడాదికి ఇలా కానివ్వు. వచ్చే ఏడాదికి మెల్లగా అందర్నీ ఒప్పిస్తా. అయినా రక్షణ తొట్టిలో ఉందా చెప్పు? నీళ్ళు నీళ్ళే. ఏ తొట్టయితేనేం?"

ఇదంతా అనేటప్పుడు వాడి కళ్ళు పీపా మీదున్నాయి, పంపు మీదున్నాయి, తీగ మీదున్నాయి, అక్క ముఖం మీద తప్ప. కాళ్ళావేళ్ళా పడ్డానని చెప్పుకోవడానికి కూడా గర్వమే కొందరికి. సగం పీపా సంపాదించినందుకు వాడు భుజం తట్టించుకోవాలని చూస్తున్నాడని ఆవిడకు అర్థమైంది. చాచి చెంప మీద కొట్టాలనిపించింది. చంకలో మూట ఉండబట్టి బతికిపోయాడు.

"ఇది నీ బుర్రలో పుట్టిందా, ఇంకెవరైనా చెప్పారా?"

"ఆ ఏర్పాటు నేనే చేశానమ్మాయ్. పీపా మా డిపోలోదే."

పక్కతలుపు దగ్గర, చేతిలో టీ కప్పుతో పెద్దాయన నిలబడి ఉన్నాడు. కలప డిపో యజమాని, సంఘ పెద్దలందరికీ పెద్ద. ఈ చర్చిలో పైకప్పు దూలం దగ్గర్నుంచి పాస్టరు ఉద్యోగం దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. గట్టిగా మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. అవసరమూ పడదు.

"నీ గొంతు రోడ్డు మీదికి వినబడుతోంది," అన్నాడు.

"వినబడనివ్వండి. ఈ పీపా కూడా రోడ్డు మీద పెట్టించాల్సింది, పెద్దయ్యా. పెరట్లో దాచారెందుకు?"

"దాచడం కాదు. ఆ మనిషి చేతులు చూశావుగా. ఆ రంగు నీళ్ళలో దిగితే పిల్లల తెల్లబట్టలన్నీ పాడవుతాయి. నువ్వు కుట్టిన అంగీలే కదా, నీకే బాధ ఉండాలి. రేపు నా మనవరాలు కూడా దిగుతోంది."

టైలరక్క నవ్వింది. ఆ నవ్వు వింటే మీరైతే రెండడుగులు వెనక్కి వేసేవారు.

"ఆ రంగు దిగేదైతే ఆమె ఎప్పుడో దింపుకునేది కాదా? వారం రోజులుగా మా ఇంట్లో గిన్నెలు తోముతోంది, బట్టలు ఉతుకుతోంది. మా గిన్నెలేమీ నీలంగా మారలేదు. రంగు మాట పక్కన పెట్టండి. అసలు మాట చెప్పండి."

పెద్దాయన టీ ఒక గుక్క తాగి, కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "సరే. అసలు మాటే చెబుతా. ఇవాళ ఒకత్తి వస్తుంది. ఆమె దిగిందని తెలిస్తే రేపు షెడ్లన్నీ వస్తాయి. వాళ్ళ అలవాట్లేంటో, వాళ్ళ బతుకేంటో నీకు తెలుసా, నాకు తెలుసా? మన ఆడపిల్లల పక్కన కూర్చుంటారు. సగం కుటుంబాలు లేచిపోతామని నాతో చెప్పాయి. లేచిపోతే ఈ చర్చికి తాళం పడుతుంది. అప్పుడు నీ నీలిచేతులకు ఏ తొట్టీ ఉండదు. నేను దుర్మార్గుణ్ణి కాదమ్మా. మొన్న కాలవ పొంగినప్పుడు ఆ షెడ్లకు దుప్పట్లు ఇచ్చింది ఎవరు?"

"మీరే ఇచ్చారు. గేటు బయట నిలబెట్టి ఇచ్చారు. వానలో."

తమ్ముడు "అక్కా" అని సన్నగా అన్నాడు. చిన్నప్పుడు బళ్ళో ఎవడైనా కొడితే వచ్చి ఇలాగే అనేవాడు.

"నువ్వాగరా. నీళ్ళు నీళ్ళే అన్నావు కదా ఇందాక? నాకు నచ్చిందా మాట. పెద్దయ్యా, మన పాస్టరుగారు చెప్పారు, ఏ తొట్టయినా ఒకటేనట. అయితే రేపు మీ మనవరాలిని ఈ పీపాలో దించుదాం. నీలిచేతుల్ని లోపల దించుదాం. ఏమంటారు?"

పెద్దాయన ముఖంలోకి రక్తం జివ్వున ఎక్కింది. "నోరు అదుపులో పెట్టుకో! ఎవరి పిల్ల గురించి మాట్లాడుతున్నావు?"

"ఎందుకంత కోపం? నేనేం తిట్టలేదే. మీరు ఆమెకు చేసిందే మీ పిల్లకు చెయ్యమన్నాను. అది మీకు తిట్టులా తగిలిందంటే, ఆ తిట్టు బుధవారమే మీరంతా కూర్చుని ఆమెను తిట్టేశారన్నమాట."

పెద్దాయన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కోపం కూడా ఉత్తుత్తిది కాదు. తాతలనాటి ఇంటికి ఎవరో గునపం తెచ్చినట్టుంది ఆయనకు.

"లోపలున్న తొట్టి మా తాత కట్టించింది," అన్నాడు. "రాయీ ఇటుకా తన బండి మీద తోలుకొచ్చి కట్టించాడు. మా వాళ్ళంతా అందులో దిగినవాళ్ళే."

"మరి మీ తాత చెవిన ఈ మాట ఎవరేశారు, పెద్దయ్యా? మన ఇళ్ళల్లో పుట్టిందా? ఎక్కడో పుట్టింది. మన భాష కూడా కాదు. ఎవరో పరాయివాళ్ళు మోసుకొచ్చి, మీ తాత గుమ్మంలో నిలబడి, నీక్కూడా అన్నారు. మీ తాతకూ అప్పుడు మొక్కులు వేరే ఉండే ఉంటాయి. బండి తోలిన చేతులకు ఏదో ఒక మురికి ఉండే ఉంటుంది. ఆ పరాయివాళ్ళు 'ముందు మావాళ్ళు, నీకు పెరట్లో పీపా పెడతాం' అనుంటే ఇవాళ మీరెక్కడుండేవారు? నేనెక్కడుండేదాన్ని? ఇది మనకు దానంగా వచ్చింది. దానంగా వచ్చినదానికి కాపలా కూర్చోవడానికి మనమెవరం?"

ఇంత పొడుగు మాట టైలరక్క జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. కొలతలు, కుట్టుకూలి, కాజాలు, గుండీలు, ఇవే ఆవిడ సంభాషణ. మాట పూర్తయ్యేసరికి ఆయాసం వచ్చింది.

పెద్దాయన పాస్టరు వైపు తిరిగి, "మీ అక్క ప్రసంగం నీకంటే బాగా చేస్తుందయ్యా," అన్నాడు. "రేపు ఆదివారం ఎవరు నిలబడతారో మీరిద్దరూ తేల్చుకోండి."

ఆ మాటలోని సూది తమ్ముడికి సరిగ్గా గుచ్చుకుంది. వాడి ముఖం పాలిపోయింది. "అక్కా, పోతే పోనివ్వండి అని నువ్వు తేలిగ్గా అంటావు," అన్నాడు, ఆవిడ ఆ మాట అనకపోయినా. "నువ్వు మిషను ముందు కూర్చుంటావు. ఖాళీ బెంచీల ముందు నిలబడేది నేను. చర్చి ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమంటే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి?"

అక్కకు అప్పుడు తెలిసింది. వాడికి రంగు గురించి బెంగ లేదు, సంఘం గురించీ బెంగ లేదు. ఉన్నదల్లా భయం. భయపడినవాడి మీద జాలి పడాలంటారు. టైలరక్కకు జాలి రాలేదు. ఆవిడ వెనకగదిలో ఒక ట్రంకుపెట్టె ఉంది, ఆ పెట్టె మనిషి కూడా ఇల్లు పోగొట్టుకునే వచ్చింది. ఆమె భయపడలేదు.

"సరే," అంది. "అంగీలు ఇవ్వను. ఒకే తానులోంచి కోసి కుట్టాను, ఆమెకొకటి, మిగతావాళ్ళకొకటి అని లేదు. ఒకే తొట్టిలో దిగేవాళ్ళకే ఇస్తా. లేదంటే అందరూ ఏ బట్టలతో దిగుతారో మీ ఇష్టం."

"బజారులో కొంటాం," అన్నాడు పెద్దాయన.

"రేపు పొద్దుటికల్లానా? కొనండి. నేనూ చూస్తా."

మూట తీసుకుని గిరుక్కున తిరిగి హాల్లోకి వెళ్ళిపోయింది. మొదటి బెంచీ మీద మూట పడేసి, దాని మీద కూర్చుంది. అంగీలన్నీ నలిగిపోతాయని ఆవిడలోని టైలరు ఒక్కక్షణం విలవిల్లాడింది. ఆవిడలోని అక్క ఇంకాస్త బరువుగా కూర్చుంది. మగవాళ్ళిద్దరూ వెనకే వచ్చారు. తొట్టి నిండిందని పెద్దాయన గొట్టం కట్టేశాడు. గలగల ఆగిపోయి హాలు ఒక్కసారిగా మూగదైంది.

అప్పుడే పక్కతలుపు చప్పుడైంది.

బాప్తిస్మానికి ముందురోజు, దిగేవాళ్ళకు మెట్ల మీద ఎలా నడవాలో, ముక్కు ఎప్పుడు మూసుకోవాలో నేర్పడం ఇక్కడ పద్ధతి. కార్ఖానాలో పొద్దుటి పని దిగి నీలిచేతులు అందుకే వచ్చింది. కాలవ గట్టు దారి పెరటి గేటులోకి వస్తుంది. అంటే పెరట్లోంచే వచ్చింది. అంటే చూసే ఉంటుంది.

ఆమె తలుపు దగ్గరే నిలబడింది. పనిబట్టల మీదే ఉంది. జుట్టుకు కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు.

"వదినా," అంది, "పెరట్లో ఆ పీపా ఎవరికి?"

పాస్టరు గోడకు పేర్చిన పలకలు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. టైలరక్క కింద మూట అంచు సర్దుకుంది. ఇందాకటి అంత పెద్ద మాట ఎటు పోయిందో ఏమో. నీకే ముందు అని చెప్పిన నోటితో ఇప్పుడేం చెప్పాలి?

పెద్దాయనే ముందుకొచ్చాడు. ఎంతో మర్యాదగా, "అమ్మా, నీకోసం ప్రత్యేకంగా పెట్టించాం," అన్నాడు. "లోపల రద్దీగా ఉంటుంది. అక్కడైతే నీకు ఇబ్బంది ఉండదు. పాస్టరుగారే వచ్చి చేస్తారు. ఏ లోటూ రాదు."

నీలిచేతులు ఆయన్ని చూసింది. తొట్టిని చూసింది. రొమ్ముల దాకా వచ్చే నీళ్ళు, పైకప్పు నీడతో సహా కదలకుండా ఉన్నాయి.

"మా అన్న నా పెట్టె బయటపెడుతూ నవ్వాడు," అంది. ఆమె గొంతు పెద్దది కాలేదు, కానీ అందులో మంట ఉంది. "వాళ్ళ దేవుడు రమ్మన్నాడేమో గానీ, వాళ్ళు రమ్మన్నారా పిచ్చిదానా, అన్నాడు. నేను నా అన్నని తిట్టాను. నన్ను సాకిన అన్నని. నీకు కుళ్ళు, నీకు మనుషుల మీద నమ్మకం లేదు, నీ ముఖం చూడను అని మా వాళ్ళందరి ముందూ తిట్టి వచ్చాను. ఇప్పుడు పోయి ఏమని చెప్పను? నువ్వే గెలిచావన్నా అని చెప్పనా? పీపా చూపించనా?"

"అలా కాదమ్మా…" అన్నాడు పాస్టరు.

"పాస్టరుగారూ, నాకు చదవడం రాదు. మీరు చెప్పిందే నాకు తెలుసు. ఆ తలుపుకు గొళ్ళెం లేదని చెప్పారు. నేను వెనక వరసలో నిలబడి విన్నాను. ఉందా, లేదా? ఒక్క మాట చెప్పండి. ఉందంటే ఇప్పుడే వెళ్ళిపోతా, మిమ్మల్ని ఏమీ అనను."

పాస్టరు పెద్దాయన వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. నీళ్ళు నమిలాడు. ఎట్టకేలకు, ఎవరికీ వినబడకపోతే బాగుండుననే గొంతుతో, "లేదు," అన్నాడు.

"లేదు కదా."

ఆమె చెప్పులు విడిచింది. జుట్టుకు కట్టిన గుడ్డ విప్పి బెంచీ మీద పెట్టింది. చకచకా నడిచి వేదికెక్కి, ఎవరైనా ఏమైనా అనేలోపే మెట్లు దిగింది. పనిబట్టలు నీళ్ళలో ఒక్కసారి ఉబ్బి మళ్ళీ ఒంటికి అతుక్కున్నాయి. తొట్టి మధ్యలోకి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ రొమ్ము మీద కట్టుకుంది. నీళ్ళలోకి ఒక్క చుక్క రంగు దిగలేదు.

"రండి," అంది. "రేపటిదాకా ఎందుకు?"

పెద్దాయన అరవలేదు. ఆయన అరిచినా బాగుండేది. వేదిక పక్కన గోడలో నీళ్ళు వదిలే వాల్వు ఉంది. దాని దగ్గరికి నడిచి, ఇనప పిడిని రెండు చేతులతో తిప్పాడు. నేల కింద గొట్టం పెద్దగా మూలిగింది. నీళ్ళు కదిలాయి. తర్వాత ఆ పిడిని ఊడబెరికి కోటు జేబులో వేసుకున్నాడు. ఆ పిడి ఊడి వస్తుందని, అది లేకుండా వాల్వు కదలదని చర్చిలో అందరికీ తెలుసు.

"మా తాత తొట్టి," అన్నాడు. "నీళ్ళు లేకపోతే పంతం కూడా ఉండదు."

టైలరక్క మూట మీంచి ఒక్క ఉదుటున లేచింది. పెద్దా చిన్నా చూడకుండా ఆయన జేబులో చెయ్యి పెట్టబోయింది. తమ్ముడు అడ్డంపడి, ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, వద్దు! పెద్దాయన!"

ఆవిడ వాడి చేతుల వంక చూసింది. "దీనికి మాత్రం బాగా లేస్తున్నాయిరా నీ చేతులు," అంది.

వాడు కాలినట్టు వదిలేశాడు.

తొట్టిలో నీళ్ళు రొమ్ముల కిందికి దిగాయి. అడుగున ఇనప జాలీ కింద గొట్టం నోరు వెడల్పుగా ఉంటుంది, కాలు అడ్డంపెడితే ఆగే నీళ్ళు కావు. నీలిచేతులు కిందికి చూసుకుంది. బయటికి రాలేదు.

"నడుం దాకా ఉన్నాయి, పాస్టరుగారూ," అంది. "ఇంకా చాలు."

"ఒరేయ్, దిగు," అంది అక్క.

తమ్ముడు తొట్టి అంచున నిలబడ్డాడు. వాడి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఒక కాలు ముందుకు వేశాడు, మళ్ళీ వెనక్కి తీశాడు. పెద్దాయన వాల్వు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, వాడినే చూస్తున్నాడు.

"దిగరా! నీ పిల్లల్ని నేను సాకుతా. నిన్ను సాకలేదూ? ఇల్లు పోతే నా ఇంటికి రండి. దిగు!"

వాడు దిగలేదు.

టైలరక్కకు ఇక మాటలు అయిపోయాయి. బట్టలతోనే మెట్లు దిగింది. నీళ్ళు చురుక్కుమనేంత చల్లగా ఉన్నాయి. నీలిచేతుల పక్కన నిలబడి, ఒక చెయ్యి ఆమె వీపు మీద, ఒక చెయ్యి ఆమె తల మీద పెట్టింది.

"నువ్వు రాకపోతే నేనే ముంచుతా. ఏ పేరున ముంచాలో నాకూ తెలుసు. ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నా."

"ఏంటిది, ఆటలా!" పెద్దాయన గొంతు మొదటిసారి పగిలింది. "బట్టలు కుట్టేదానివి నువ్వు! నువ్వు ముంచితే అది బాప్తిస్మం అవుతుందా?"

నీలిచేతులు చప్పున తల తిప్పి వదిన ముఖంలోకి చూసింది. వచ్చినప్పటినుంచీ ఆమె కళ్ళలో లేని భయం ఇప్పుడు కనబడింది.

"చెల్లుతుందా, వదినా?" అంది. "నువ్వు ముంచితే చెల్లుతుందా? నాకు వెనక్కి ఇల్లు లేదు. నామీద జాలిపడి ఉత్తుత్తిది చెయ్యొద్దు. ఆ పీపా ఎలా వద్దో ఇదీ అలాగే వద్దు. అందరికీ ఏది ఇస్తారో అదే నాకు కావాలి."

టైలరక్క చెయ్యి ఆమె తల మీద అలాగే ఆగిపోయింది. ఎంత కోపం ఉన్నా, ఈ ప్రశ్నకు కోపం జవాబు కాదు. ఆవిడకు తెలియదు. నిజంగా తెలియదు. నీకే ముందు అని ఒకసారి చెప్పేసింది. ఇంకోసారి తెలియని మాట ఇచ్చి ఈ మనిషిని ముంచడం ఆవిడ వల్ల కాదు.

తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది.

"నువ్వు చెప్పు," అంది. "దీనికోసమే నిన్ను చదివించాను. చెల్లుతుందా? చెల్లుతుందంటే ఈ క్షణమే ముంచుతా, ఇక నీతో మాకు పని లేదు. చెల్లదంటే నువ్వే దిగాలి. రెండిట్లో ఒకటి నీ నోటితో చెప్పరా, పాస్టరూ."

నీళ్ళు తొడల దాకా వచ్చేశాయి. నీలిచేతులు మోకాళ్ళ మీద కూలబడింది. అలా కూర్చుంటే ఇంకా నడుం దాకా వస్తున్నాయి. కాసేపట్లో అవీ ఉండవు.

"త్వరగా చెప్పండి," అంది.

"పాస్టరూ," అన్నాడు పెద్దాయన, "ఆలోచించుకుని నోరు తెరువు."

తమ్ముడు నోరు తెరిచాడు.